చేతిలో ఉన్నది వదిలేసి, చేతిలో లేనిది పట్టుకుని: ఒక పాస్టరల్ కౌన్సెలింగ్ కేసు

పాస్టరల్ కౌన్సెలింగ్ అంటే మనిషి విశ్వాసాన్ని కూడా కలుపుకుని చేసే కౌన్సెలింగ్. ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. పేరు పెట్టలేదు. ఇకపై "ఆమె" అంటే కౌన్సెలింగ్‌కి వచ్చిన వ్యక్తే.

ఎలా వచ్చారు

ఆమెకు 48 ఏళ్లు. భర్త ఉద్యోగస్థుడు, ఇద్దరు పిల్లలు చదువుల్లో ఉన్నారు. సంఘంలో స్త్రీల ప్రార్థన కూటాన్ని చాలాకాలంగా ఆమే నడిపిస్తున్నారు. నా దగ్గరికి పంపింది సంఘ కాపరి. ఆయన ఫోన్లో చెప్పింది ఇంతే: "విశ్వాసంలో ఆమెకు సాటి లేరు. కానీ ఈమధ్య ఆమె ప్రార్థన వింటుంటే నాకు భయమేస్తోంది." ఎందుకని అడిగితే, "ప్రతిసారీ అవే మాటలు, అదే వరస. గొంతు మాత్రం పెరుగుతోంది" అన్నారు. ఇంత పనికొచ్చే పరిశీలన చేసి పంపేవాళ్లు అరుదు.

కష్టాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఆమె పేరున ఉన్న చిన్న వ్యాపారం మూతపడింది. దానికోసం తీసుకున్న అప్పులు రెండు సంస్థల దగ్గర పేరుకుపోయాయి. అవి చాలక, తన కూటంలోనే ఇద్దరు స్త్రీల దగ్గర చేబదులు తీసుకున్నారు. వ్యాపారం మూతపడిందని భర్తకు తెలుసు, అప్పు ఎంతో తెలియదు. అదే సమయంలో తల్లికి క్యాన్సర్ కాలేయానికి పాకింది. ఇక చికిత్స వల్ల ప్రయోజనం తక్కువనీ, నొప్పి తగ్గించే పాలియేటివ్ కేర్‌కి మారడం మంచిదనీ డాక్టర్లు చెప్పారు. ఆమె ఒప్పుకోలేదు.

మొదటి రోజు కూర్చోగానే ఆమె అన్న మాట: "నేనేమీ చింతపడటం లేదండీ. అంతా దేవుడికి అప్పగించేశాను." ముందు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారని అడిగితే మాత్రం లెక్క చెప్పలేకపోయారు.

మొదటి అంచనా

ఎంత భక్తిపరులు వచ్చినా నేను మొదట చూసేది నిద్ర, తిండి, ప్రాణం మీద ఆశ. ఆమెకు నిద్ర మూడు గంటలకు మించడం లేదు. తల్లి స్వస్థత కోసం వరసగా ఉపవాసాలు. బట్టలు వదులైపోయాయి. డిప్రెషన్ తీవ్రత తెలుసుకోవడానికి వాడే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి ఇచ్చాను. ఇందులో 9 ప్రశ్నలు, మొత్తం స్కోరు 0 నుంచి 27 వరకు. 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరు చూడాల్సిన సంగతే. ఆమెకు 17 వచ్చింది. తొమ్మిదో ప్రశ్న బతకడం కన్నా చావు మేలనిపించడం గురించి. దానికి "కొన్ని రోజులు" అని గుర్తు పెట్టారు.

నేరుగా అడిగాను: "చనిపోవాలనిపిస్తోందా?" "ఛ, అది పాపం కదండీ. దేవుడే తీసుకుపోతే బాగుండుననిపిస్తుంది, అంతే." భక్తుల నోట ఈ మాట తరచుగా వింటాం, పరలోకం మీద ఆశగా తీసుకుని దాటేస్తాం. నేను దాటేయను. ఉద్దేశం ఉందా, ఆలోచించిన మార్గం ఉందా, దగ్గర్లో సాధనం ఉందా అని విడివిడిగా అడిగాను. లేవు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అనే భయం చాలామంది సంఘ పెద్దలకు ఉంటుంది. అది నిజం కాదు. అడిగితే చాలామందికి ఊపిరి తిరుగుతుంది. ఆమె అనుమతితో భర్తకు ఈ ఒక్క సంగతి ఆ రోజే చెప్పాం. అదే వారంలో మానసిక వైద్యుడికి చూపించాలని ఒప్పందం చేసుకున్నాం. మందులు వాడడం అవిశ్వాసం కాదని ఒప్పించడానికి నేను కష్టపడనక్కర్లేకపోయింది. తల్లికి మందులు వాడుతున్నది ఆమే కదా.

తర్వాత విశ్వాసం గురించి. దేవుణ్ణి ఏమడుగుతున్నారు, ఎవరితో కలిసి అడుగుతున్నారు, ఏమడగడానికి భయపడుతున్నారు అన్నవి నేను అందరినీ అడిగే ప్రశ్నలు. మూడోదాని దగ్గర ఆమె చాలాసేపు ఆగారు. "స్వస్థత ఇవ్వకపోతే ఏంటి అని అడగడానికి భయమండీ."

దాని వెనక ఒక సాక్ష్యం ఉంది, అంటే దేవుడు తనకు చేసిన మేలు గురించి కూటాల్లో చెప్పుకునే అనుభవం. ఎన్నో ఏళ్ల క్రితం భర్తకు ప్రమాదం జరిగి, ఆశ లేదన్న స్థితి నుంచి బయటపడ్డారు. ఆమె ఆ సాక్ష్యాన్ని ఎన్నో కూటాల్లో చెప్పారు. అది విని విశ్వాసంలోకి వచ్చినవాళ్లూ ఉన్నారు. "అప్పటి దేవుడే కదండీ ఇప్పుడూ. అమ్మ పోతే, నేను ఇన్నేళ్లూ చెప్పిందేమిటి? వాళ్లకేం జవాబు చెప్పను?"

నాకు అర్థమైన చిక్కు

మతం, కష్టాలను తట్టుకోవడం అన్న విషయంపై ఎక్కువ పని చేసిన మనస్తత్వవేత్త కెన్నెత్ పార్గమెంట్. ఆయనా, సహచరులూ 1988లో మూడు పద్ధతులు గుర్తించారు. భారమంతా నేనే మోస్తాననేది ఒకటి. అంతా దేవుడే చూసుకుంటాడని తాను ఊరుకోవడం రెండోది. దేవుడితో కలిసి పని చేయడం మూడోది. 2000లో వచ్చిన ఆర్‌కోప్ అనే ప్రశ్నావళిలో ఇంకో మెరుగైన విభజన కనిపిస్తుంది. చేయగలిగింది చేసి మిగతాది దేవుడి చేతిలో పెట్టడాన్ని ఒక కొలతగా, తానేమీ చేయకుండా దేవుడు చేసేదాకా ఎదురుచూడడాన్ని వేరే కొలతగా అందులో పెట్టారు. బయటికి రెంటినీ "అప్పగించాను" అనే చెబుతారు.

ఆమెది రెండో రకం అని రాసుకుంటే సగమే నిజం. అప్పుల విషయంలో ఆమె పూర్తిగా ఊరుకున్నారు. ఉత్తరాలు తెరవడం లేదు, ఫోన్లు ఎత్తడం లేదు. "దేవుడు ద్వారం తెరుస్తాడు" అంటున్నారు. తల్లి జబ్బు విషయంలో మాత్రం అణువంత కూడా ఊరుకోలేదు. ఉపవాసాలు లెక్కపెడుతున్నారు, ఒక్కపూట తప్పితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతున్నారు, ఇంకో విడత కీమో ఇవ్వమని డాక్టర్లను బతిమాలుతున్నారు, తల్లి గదిలో ఎవరైనా నిరాశగా మాట్లాడితే బయటికి పంపేస్తున్నారు. తన చేతిలో ఉన్న పనిని దేవుడికి వదిలేశారు, ఏ మనిషి చేతిలోనూ లేనిదాన్ని పిడికిట్లో బిగించి పట్టుకున్నారు. నేను ఈ కేసు రాస్తున్నది ఈ తారుమారు కోసమే. కష్టాలు మీద పడ్డ విశ్వాసుల్లో నేను దీన్ని మళ్లీ మళ్లీ చూస్తున్నాను. వాళ్ల నమ్మకం తక్కువేమీ కాదు. అది వాలిన చోటే తప్పు. కారణం వెతికితే సిగ్గే కనబడుతుంది. అప్పుకు సిగ్గు ఉంది కాబట్టి చూడలేరు. జబ్బుకు సిగ్గు లేదు, పైగా పోరాడితే గౌరవం.

ఈ పోరాటానికి ఇంకో ఖరీదు ఉంది. ముదిరిన క్యాన్సర్ ఉన్న 345 మంది రోగులపై జరిగిన ఒక అధ్యయనం 2009లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. మతవిశ్వాసం మీద ఎక్కువగా ఆధారపడిన రోగులకే చివరి వారంలో వెంటిలేటరు వంటి ప్రాణం నిలిపే తీవ్ర చికిత్సలు ఎక్కువగా అందాయని అందులో తేలింది. విశ్వాసం చెడ్డదని దీని అర్థం కాదు. చికిత్స ఆపడమంటే దేవుణ్ణి వదిలేయడమేనని నమ్మితే, ఆ నమ్మకం భారం రోగి ఒంటిమీద పడుతుందని మాత్రం అర్థం.

ముందు నిద్ర

బైబిలు వాక్యంతో మొదలుపెట్టలేదు. కూటంలో ఆమెకు వాక్యాలు కావలసినన్ని అందుతున్నాయి. దేవుణ్ణి ప్రేమించేవారికి అన్నీ మేలుకే జరుగుతాయనే రోమా 8:28 అందరూ చెప్పి పంపుతున్నారు. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా పక్కన కూర్చున్నంత కాలం మంచి స్నేహితులే. నోరు విప్పాకే పాడైంది.

రాత్రి రెండింటికి లేచి చేసే ప్రార్థన గురించి అడిగాను. ఏ మాటలు అంటారో అన్నవి అన్నట్టు చెప్పమన్నాను. చెప్పారు. అందులో దేవుడితో అన్నవి మొదటి రెండు వాక్యాలే. తర్వాతదంతా లెక్కలు, ఫలానా వాళ్లు ఏమంటారో, అమ్మకు రేపు ఏమవుతుందో, మళ్లీ లెక్కలు. కాపరి విన్న "అదే వరస" ఇదే. అది ప్రార్థన కాదని నేను అనలేదు, అనే హక్కు నాకు లేదు. ఒక్కటే అడిగాను: "ఇందులో దేవుడు మాట్లాడడానికి సందు ఎక్కడుంది?" ఆమె నవ్వేశారు. మొదటిసారి.

చింతకు రోజూ ఒకే వేళ, ఒకే చోట అరగంట కేటాయించి, మిగతా సమయంలో వచ్చిన చింతను ఆ వేళకు వాయిదా వేయించే పద్ధతిని థామస్ బోర్కోవెక్ బృందం 1983లో పరీక్షించింది. దాన్ని ఆమెకు తగ్గట్టు మార్చాం. సాయంత్రం అరగంట కాగితం మీద చింతలన్నీ రాయడం. చివర ఒక చిన్న ప్రార్థన, మూడు వాక్యాలకు మించకుండా. రాత్రి మెలకువ వస్తే "రాసి పెట్టాను ప్రభువా, రేపు చూద్దాం" అని పక్కమీదే ఉండటం. మూడు వాక్యాల షరతుకు ఆమె బాగా ఇబ్బంది పడ్డారు. పెద్ద ప్రార్థనే బలమైన ప్రార్థన అన్నది ఎక్కడ నేర్చుకుంటామో తెలియదు గానీ, బాగా పాతుకుపోయి ఉంటుంది.

ఉపవాసం సంగతి డాక్టరు తేల్చారు, బరువు చూసి ఆపమన్నారు. ఆపితే తల్లికి ఏమైనా అవుతుందని ఆమె భయం. 2 సమూయేలు 12వ అధ్యాయం కలిసి చదివాం. జబ్బుపడ్డ బిడ్డ కోసం రాజైన దావీదు నేలమీద పడి ఉపవాసం ఉన్నాడు, ఏడో రోజు బిడ్డ చనిపోయాడు. దావీదు లేచి, స్నానం చేసి, ఆరాధించి, భోజనం చేశాడు. ఉపవాసం చాలక బిడ్డ పోయాడని ఆ అధ్యాయం ఎక్కడా అనదు. ఆమె ఆ పేజీ మళ్లీ మళ్లీ చదివారు, కానీ ఏమీ అనలేదు. ఉపవాసాలు మానింది ఆ తర్వాతి వారం, అదీ డాక్టరు రెండోసారి గట్టిగా చెప్పాక. వాక్యమే మార్చిందని రాయడం నాకు సులువే, కానీ జరిగింది అది కాదు.

ఉత్తరాలు

నిద్ర కొంత దారిలో పడ్డాక అప్పుల దగ్గరికి వచ్చాం. తెరవని ఉత్తరాలన్నీ ఒక సంచిలో ఉన్నాయి. ఇంట్లో తెరవలేనన్నారు. ఇక్కడికి తెమ్మన్నాను.

ఆ రోజు చదివింది 2 రాజులు 19వ అధ్యాయం. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు సైన్యం యూదా మీదికి వచ్చింది. యూదా రాజు హిజ్కియాకు బెదిరింపు ఉత్తరం అందింది. హిజ్కియా దాన్ని తీసుకుని, చదివి, మందిరానికి వెళ్లి, దేవుడి ఎదుట విప్పి పరిచాడు. వరస గమనించమన్నాను. ముందు చదివాడు, తర్వాత పరిచాడు. మడిచిన ఉత్తరాన్ని బలిపీఠం మీద పెట్టి వెళ్లిపోలేదు. అంతకుముందే ఊరి బయటి నీటి ఊటలు పూడ్పించాడనీ, పడిపోయిన గోడ కట్టించాడనీ 2 దినవృత్తాంతములు 32లో ఉంది. మోకాళ్ల మీద పడ్డ మనిషీ, గోడ కట్టించిన మనిషీ ఒక్కడే. ఆమె ఈ కథను ఎన్నోసార్లు బోధించారట. "చదివి" అన్న చోట ఎప్పుడూ ఆగలేదన్నారు.

తర్వాత బల్ల మీద సంచి కుమ్మరించాం. ఒక్కో ఉత్తరానికీ ముందు ఒక వాక్యం ప్రార్థన, తర్వాత తెరవడం, తర్వాత తేదీ, ఎవరు, ఎంత, ఎప్పటిలోగా అని ఒక కాగితం మీద రాయడం. ఏడవాలనిపిస్తే ఆగడం. చాలాసార్లు ఆగాం. సగానికి పైగా ఒకే అప్పుకు పదే పదే వచ్చిన నోటీసులని తేలింది. కుప్ప పెద్దదే గానీ అప్పులు ఆమె భయపడినన్ని లేవు. ఒక ఉత్తరం మాత్రం గట్టి దెబ్బ కొట్టింది. వాయిదాలు తగ్గించి, జరిమానా వడ్డీ మాఫీ చేస్తామని ఒక సంస్థ రాసింది. గడువు ఎప్పుడో దాటిపోయింది.

"దేవుడు ద్వారం తెరిచాడు, నేను కవరు తెరవలేదు" అన్నారామె. ఈ మాట తప్పు మోపుకోవడం వైపు జారుతుందని నాకు ఆందోళన కలిగింది. అందుకే అక్కడే ఆపి, భయంతో గడ్డకట్టిన మనసు అలాగే చేస్తుందనీ, ఇది శిక్ష కాదనీ చెప్పాను. అప్పుల సలహా నా పని కాదు. అది తెలిసిన సలహాదారు దగ్గరికి పంపాను. మళ్లీ మాట్లాడితే సంస్థ ఒప్పుకుంది, మొదటిసారి కన్నా తక్కువ రాయితీతో.

భర్తతో కలిసి కూర్చున్నది ఆ తర్వాత. మొత్తం అంకె విని ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అన్నారు: "దేవుడికి చెప్పావు సరే. నాకెందుకు చెప్పలేదు?" ఆమె దగ్గర జవాబు లేదు. నేనూ ఇవ్వలేదు. భార్యాభర్తల మధ్య అలాంటి ప్రశ్న కొన్నాళ్లు అలా ఉండటమే మంచిది. కౌన్సెలరు తొందరపడి పూడ్చకూడదు.

తల్లి

ఇక్కడ పని తలకిందులైంది. అప్పుల దగ్గర ముందుకు నెట్టాను. ఇక్కడ చేతులు వదులు చేయించాలి. తల్లి బతకదని ఒప్పుకోమని నేను ఒక్కసారి కూడా అడగలేదు. స్వస్థత కోసం ప్రార్థించడం ఆపమనీ అనలేదు. దానియేలు 3వ అధ్యాయంలో అగ్నిగుండం ముందు ముగ్గురు యువకులు రాజుతో అన్న మాటను ఆమే ఎత్తారు. మా దేవుడు రక్షించగల సమర్థుడు అన్న వెంటనే, "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" అంటారు. ఈ రెండో ముక్కను తాను సాక్ష్యాల్లో ఎప్పుడూ వాడలేదన్నారు. "మొదటి ముక్కకే అందరూ హల్లెలూయ అంటారండీ."

దేవుడి పరువు కాపాడే బాధ్యత ఎవరు అప్పగించారని అడిగాను. ఎవరూ కాదు. సాక్ష్యం ఆమెను అలా కట్టేసింది. ఒకసారి జరిగింది మళ్లీ జరిగి తీరాలి, జరగకపోతే మొదటిదీ అబద్ధమే అన్నది ఆమె లోపలి లెక్క. నా అభిప్రాయం చెప్పాను: భర్త బతికింది నిజం, దానికి కృతజ్ఞత నిజం. తల్లి విషయంలో ఏం జరిగినా అది చెరగదు. అయితే ఆ సంఘటన దేవుడు రాసిచ్చిన హామీపత్రం కాదు.

కోపం బయటికి రావడానికి కొంతకాలం పట్టింది. కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. వాటిలో 88వది మరీ విచిత్రమైనది. మొర పెట్టి, మొర పెట్టి, చివరికి ఏ వెలుగూ లేకుండా చీకటి మాటతోనే ముగుస్తుంది. దాన్ని గట్టిగా చదవమన్నాను, తర్వాత తన మాటల్లో తనది రాయమన్నాను. రాసింది నాకు చదివి వినిపించారు. ఆ మాటలు ఇక్కడ పెట్టను. చదివాక అడిగారు, "ఇలా అన్నందుకు..." అని. దేవుడు విన్నాడు, అంతే అన్నాను.

ఇక్కడ తోటి కౌన్సెలర్లకు ఒక జాగ్రత్త. 55 ఏళ్లు దాటిన 596 మంది రోగులను సుమారు రెండేళ్లు గమనించిన పార్గమెంట్ బృందం అధ్యయనం 2001లో వచ్చింది. దేవుడు నన్ను వదిలేశాడేమో, నన్ను ప్రేమించడం లేదేమో, ఇది సైతాను పనేమో అన్న ఆలోచనలున్నవాళ్లలో మరణాల ముప్పు ఎక్కువగా కనిపించింది. మొర పెట్టించడం మంచిదే గానీ, మొర దగ్గరే మనిషిని వదిలేసి వెళ్లకూడదు. కోపంగా దేవుడితో మాట్లాడుతున్న మనిషి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. మాటే మానేసినవాళ్ల గురించి నాకు ఎక్కువ దిగులు. ప్రతిసారీ ఆమెను అడిగేవాణ్ణి: ఈ వారం దేవుడితో మాట్లాడారా, మాట్లాడలేదా? ఏం మాట్లాడారన్నది అడగలేదు.

పాలియేటివ్ కేర్‌కి ఆమె సంతకం పెట్టింది ఏ గొప్ప మలుపు వల్లా కాదు. ఒక రాత్రి తల్లి నొప్పితో అరిచింది. పొద్దున్నే డాక్టరుకు ఫోన్ చేశారు. నొప్పి మందు సరిగా అందాక తల్లి నిద్రపోగలిగింది, మాట్లాడగలిగింది. ఆ తర్వాతే తెలిసింది, తల్లి చాలాకాలంగా చావు గురించి మాట్లాడాలనుకుంటోందనీ, కూతురి విశ్వాసం చెదురుతుందేమోనని మాట్లాడలేదనీ. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటూ, అసలు మాట దాటవేస్తూ వచ్చారు. కొన్ని వారాల తర్వాత తల్లి చనిపోయింది.

ఇప్పుడు

పీహెచ్‌క్యూ-9 స్కోరు 8కి వచ్చింది. తల్లి పోయిన నెలలో 14కి పెరిగి తగ్గింది. దుఃఖాన్ని, డిప్రెషన్‌ని ఈ ప్రశ్నావళి విడదీయలేదు కాబట్టి ఆ పెరుగుదలను నేను వెనకడుగుగా లెక్కపెట్టలేదు. తొమ్మిదో ప్రశ్నకు ఇప్పుడు సున్నా. మందులు డాక్టరు చెప్పినన్నాళ్లు వాడతారు. అప్పులకు వాయిదాలు నడుస్తున్నాయి. తీరడానికి ఏళ్లు పడుతుంది. అద్భుతమేమీ జరగలేదు, ఎవరూ వచ్చి అప్పు తీర్చలేదు.

చేబదులిచ్చిన ఇద్దరికీ ఆమె స్వయంగా వెళ్లి చెప్పారు. ఒకరు గడువు ఇచ్చారు. ఇంకొకరు కోపంతో కూటం మానేశారు, డబ్బు చేతికొచ్చేదాకా మాట్లాడనన్నారు. ఆమెను క్షమించమని ఆ స్త్రీకి చెప్పాలని సంఘంలో కొందరు తొందరపడ్డారు. కాపరి ఆపారు, మంచి పని చేశారు. డబ్బు పోయినవాళ్లకు కోపం రావడం సహజం.

కూటం నాయకత్వం ప్రస్తుతానికి వేరే వాళ్లు చూస్తున్నారు. తిరిగి తీసుకోవాలా వద్దా అన్నది ఆమె ఇంకా తేల్చుకోలేదు. నేను తొందరపెట్టడం లేదు. భర్త ప్రమాదం సాక్ష్యం చెప్పమని ఈమధ్య ఒక సభకు పిలిస్తే, అమ్మ సంగతి కూడా కలిపి చెప్పనిస్తేనే వస్తానన్నారట. నిర్వాహకులు ఇంకా జవాబివ్వలేదు.

నెలకోసారి కలుస్తున్నాం. నిద్ర నాలుగు గంటల లోపుకు పడిపోయినా, మళ్లీ ఉపవాసాలు వరసగా మొదలైనా, ఉత్తరాలు తెరవకుండా పోగుపడుతున్నా, "దేవుడు తీసుకుపోతే" అన్న మాట వినబడినా ఆగకుండా నాకు ఫోన్ చేయాలని ఆమె, భర్త, కాపరి, నేను నలుగురం కూర్చుని రాసుకున్నాం. ఒక్కో కాపీ నలుగురి దగ్గరా ఉంది.